మొక్కకు వెలుగే అన్నం, వెలుగే పంచాంగం

డిసెంబరు చివర హైదరాబాదులో పగలు దాదాపు పదకొండు గంటలు ఉంటుంది. అదే రోజు లండన్‌లో ఎనిమిది గంటలైనా నిండదు. ఆ కాస్త పగలూ చాలావరకు మబ్బుల చాటునే గడిచిపోతుంది. సూర్యుడు ఆకాశం అంచున వాలుగా తిరిగి, సాయంత్రం నాలుగు కొట్టేలోపే కుంకుతాడు. అలాంటి దేశాల్లో గాజు ఇళ్లు కట్టి, లోపల వేడినీటి గొట్టాలు పరిచి, మంచు కురిసే రోజుల్లోనూ మొక్కల్ని వెచ్చగా ఉంచడం పంతొమ్మిదో శతాబ్దం నాటికే తోటమాలులకు చేతనైంది. అయినా నడి చలికాలంలో ఆ వెచ్చని ఇళ్లలో మొలిచిన నారు సన్నగా సాగి, పాలిపోయి, ఒరిగిపోయేది. వేడి ఉంది, నీళ్లున్నాయి, ఎరువుంది. లేనిది వెలుగొక్కటే. దాన్ని ఎక్కడి నుంచి తేవడం?

నూనె దీపాల వల్ల అయ్యే పని కాదది. రెండు బొగ్గు కడ్డీల మధ్య విద్యుత్తు దూకి కళ్లు మిరుమిట్లు గొలిపే ఆర్క్ దీపం వచ్చాకే ఆశ చిగురించింది. 1861లో ఫ్రాన్సులో హెర్వే మాంగోన్ అనే శాస్త్రవేత్త, చీకట్లో మొలిచిన పసుపుపచ్చని మొలకల్ని ఆ దీపం కింద పెట్టి చూశాడు. వాటికి పచ్చదనం వచ్చింది. అంతవరకు సూర్యుడికే సాధ్యమనుకున్న పని మనిషి చేసిన దీపమూ చేసింది. అయితే అప్పట్లో ఆర్క్ దీపాన్ని గంటల తరబడి వెలిగించడమే గగనం. ఆ ప్రయోగాన్ని పొలం దాకా తీసుకెళ్లడానికి మరో ఇరవై ఏళ్లు, డైనమోలూ, ఒక పట్టుదల గల ఇంజనీరూ కావలసి వచ్చాయి.

ఆ ఇంజనీరు విలియం సీమెన్స్. జర్మనీలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడ్డాడు. ఉక్కు కొలిమిలోనూ సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫ్ తీగల్లోనూ పేరు గడించిన మనిషి. టన్‌బ్రిడ్జ్ వెల్స్ దగ్గర షేర్‌వుడ్ అనే చోట ఆయనకో ఇల్లు, తోట ఉండేవి. అక్కడ గ్యాస్ యంత్రంతో డైనమో తిప్పి, 1,400 కొవ్వొత్తుల బలమున్న ఆర్క్ దీపాన్ని గాజు ఇంటి పైన వేలాడదీశాడు. తరువాత ఆవిరి యంత్రం పెట్టినప్పుడు, దాన్లోంచి వృథాగా పోయే వేడిని కూడా వదలకుండా గాజు ఇళ్లను వెచ్చబెట్టడానికే మళ్లించాడు.

ఆయన చేసిన ప్రయోగం ఎంత తేటగా ఉందో చూడండి. ఆవాలు, క్యారెట్, చిక్కుడు, దోస, పుచ్చ వంటివి కుండీల్లో వేసి నాలుగు జట్లుగా విడదీశాడు. మొదటి జట్టుకు పూర్తి చీకటి. రెండో జట్టుకు విద్యుత్ దీపం మాత్రమే. మూడో జట్టుకు పగటి వెలుగు మాత్రమే. నాలుగో జట్టుకు పగలు సూర్యుడు, రాత్రి దీపం. చీకట్లోవి పాలిపోయి చచ్చిపోయాయి. దీపం ఒక్కటే దక్కినవి లేత ఆకుపచ్చగా బతికాయి. పగటి వెలుగువి వాటికంటే ముదురు రంగు తేలాయి. రెండూ దక్కినవి అన్నింటినీ మించి నిగనిగలాడాయి. 1880 మార్చిలో ఆయన ఈ ఫలితాల్ని లండన్ రాయల్ సొసైటీ ముందు చదివాడు. మొగ్గ విప్పని తులిప్ పూల కుండీని అదే గదిలో దీపం ముందు ఉంచితే, సభ్యులు చూస్తుండగానే నలభై నిమిషాల్లో పూలు విచ్చుకున్నాయి.

తరువాతి చలికాలం ఇంకా పెద్ద ఎత్తున ప్రయత్నించాడు. పైన వేలాడే దీపాన్ని గాజు ఇంట్లోకే దించాడు. దగ్గరగా ఉంటే మేలు ఎక్కువ కదా! కానీ కొద్ది రోజుల్లోనే ఆకులు కమిలి, మాడి, ముడుచుకుపోయాయి. వేడి వల్లనా అంటే, దీపానికి దూరంగా ఉన్నవి కూడా దెబ్బతిన్నాయి. చివరికి మామూలు గాజు పలక ఒకటి తీసుకుని, మొక్కలో సగం దాని చాటున ఉండేలా అడ్డం పెట్టాడు. గాజు నీడన ఉన్న భాగం పచ్చగా నిలిచింది. బయటున్న భాగం మాడింది. ఒకే ఆకు మీద, గీత గీసినట్టు, రెండింటి మధ్య హద్దు కనిపించింది. కంటికి కనబడని ఏదో కిరణం ఆర్క్ నుంచి వస్తోంది, దాన్ని గాజు ఆపుతోంది. ఇప్పుడు మనం అతినీలలోహిత కిరణాలంటున్నది ఆ కిరణాలనే. దీపం చుట్టూ గాజు బుడ్డి తొడిగాక మొక్కలు కోలుకున్నాయి. అక్టోబరు చివర విత్తిన బఠాణీ ఫిబ్రవరి మధ్యకల్లా కాయ కాసింది. స్ట్రాబెర్రీలు, రాస్ప్‌బెర్రీలు చలికాలం పోకముందే పండాయి.

ఈ ఉత్సాహంలోనే సీమెన్స్ ఒక మాట రాశాడు: మొక్కకు ఇరవైనాలుగు గంటల్లో విశ్రాంతితో పనే లేదు, పగలు సూర్యుడు రాత్రి దీపం ఉంటే ఆపకుండా పెరుగుతూనే ఉంటుంది అని. ఆయన చూసిన మొక్కల మటుకు అది నిజమే కావచ్చు. కానీ ఆ ఒక్క వాక్యంలోని పొరపాటును పట్టుకుని, విప్పి, సరిదిద్దడానికి శాస్త్రానికి నూట ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. 1883లో సీమెన్స్ కన్నుమూశాడు.

కథ అమెరికాకు చేరింది. న్యూయార్క్ రాష్ట్రం ఇథాకాలో కార్నెల్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చలికాలం మబ్బులకు పెట్టింది పేరు. మిషిగన్‌లో రైతు ఇంట పుట్టిన లిబర్టీ హైడ్ బెయిలీ అక్కడ ఉద్యాన శాస్త్రం బోధించేవాడు. 1890 చలికాలంలో ఆయన ఒక గ్రీన్‌హౌస్‌ను మధ్యలో అడ్డుగోడ పెట్టి రెండుగా చేశాడు. ఒక సగానికి మామూలు పగలూ రాత్రీ. రెండో సగంలో రాత్రంతా ఆర్క్ దీపం. రెండింటిలోనూ ఒకే రకం లెట్యూస్, ముల్లంగి, పాలకూర, బఠాణీ వంటివి విత్తాడు.

ఫలితాలు ఒకదానికొకటి పొసగలేదు. సలాడ్ ఆకుగా వాడే లెట్యూస్ దీపం కింద ముందుగానే కోతకొచ్చింది. ముల్లంగి మాత్రం దీపానికి దగ్గరగా ఉన్న కొద్దీ ఆకులు ముడుచుకుని, దుంప ఊరక, పనికిరాకుండా పోయింది. దీపానికి గాజు గోళం తొడిగితే కొంత తేరుకుంది. పాలకూర చేసిన పని ఇంకా వింత. అది మాడలేదు, చావలేదు. నాలుగు చిన్న ఆకులు వేసి, గబగబా కాడ సాగి, పూతకొచ్చి, విత్తనానికి తిరిగింది. దీపం లేని సగంలోని పాలకూర మాత్రం తాపీగా వెడల్పాటి ఆకులు వేసుకుంటూ కూర్చుంది. కూర కోసం వేసిన పంట కూర ఇవ్వకుండా ముదిరిపోతే రైతుకు ఏం లాభం? బెయిలీ నిజాయితీ గొప్పది. తనకు అంతుపట్టని ఈ సంగతిని దాచకుండా, 1891లో వెలువరించిన నివేదికలో ఉన్నదున్నట్టు రాసిపెట్టాడు. ఆ నివేదికే లేకపోతే తరువాతి తరానికి ఈ చిక్కుముడి చేతికే అందేది కాదు.

లెట్యూస్ విషయంలో మటుకు వ్యాపారులు ఆగలేదు. బోస్టన్ నగరం పక్కనే ఆర్లింగ్టన్‌లో రాసన్ అనే కూరగాయల రైతు, వీధి దీపం వెలుగు పడే వైపు తన లెట్యూస్ మడులు ముందుగా ఎదగడం గమనించి, తన గ్రీన్‌హౌస్‌లకు ఆర్క్ దీపాలు పెట్టించుకున్నాడు. ఎవరూ తలపెట్టని ప్రయోగం వీధి దీపం చేసిపెట్టింది!

పాలకూర చిక్కుముడి విప్పడానికి మొదటి దారం పారిస్‌లో దొరికింది. జూలియన్ టూర్న్వా అనే యువకుడు చలికాలంలో గ్రీన్‌హౌస్‌లో విత్తిన గంజాయి జాతి మొక్కలు, హాప్స్ తీగలు వయసు రాకముందే, చిటికెడంత ఉండగానే పూయడం చూశాడు. వేడి, తేమ, ఎరువు ఒక్కొక్కటే మార్చి చూసి, కారణం రోజులో వెలుగు ఉండే కాలమేనని తేల్చాడు. ఇంకో అడుగు ముందుకేసి, పగలు చిన్నదవడం కంటే రాత్రి పెద్దదవడమే అసలు కారణం కావచ్చనీ రాశాడు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. టూర్న్వా అందులో చనిపోయాడు. ఆ దారం అక్కడే తెగింది.

దాన్ని మళ్లీ అందుకున్నవాళ్లు టూర్న్వా దారిలో నడిచినవాళ్లు కారు. వాళ్ల బాధ పొగాకుతో. 1906లో అమెరికాలోని మేరీలాండ్ పొలాల్లో ఒక వింత పొగాకు మొక్క కనిపించింది. తోటి మొక్కలన్నీ పూతకొచ్చి ఆగిపోయినా అది మాత్రం మనిషి ఎత్తు దాటి, ఆకు మీద ఆకు వేసుకుంటూ పెరిగిపోతూనే ఉంది. పూత రాగానే తల తుంచడం ఎంత పనో మన పొగాకు రైతులకు తెలుసు. పూయని పొగాకు అంటే ఆకు పంటకు వరమే. మేరీలాండ్ మామత్ అని దానికి పేరు పెట్టారు. చిక్కల్లా ఒక్కటే. పూయకపోతే విత్తనమేది? శరదృతువు మంచుకు చచ్చిపోకుండా మొదళ్లను తవ్వి గ్రీన్‌హౌస్‌లోకి మారిస్తే, నడి చలికాలంలో అవి పూసేవి. చలికాలంలోనే గ్రీన్‌హౌస్‌లో విత్తితే జానెడంత ఉండగానే పూసేవి. ఎందుకు?

అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే గార్నర్, అలర్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వర్జీనియాలోని ఆర్లింగ్టన్ క్షేత్రంలో ఈ ప్రశ్న పట్టుకు కూర్చున్నారు. ఈనాడు పెంటగాన్ భవనం ఉన్న ప్రాంతమే అది. ఉష్ణోగ్రత మార్చి చూశారు, లాభం లేకపోయింది. నీరు తగ్గించి చూశారు, ఎరువు మార్చి చూశారు, గుడ్డ నీడ పరిచి వెలుగు తగ్గించి చూశారు. మామత్ లొంగలేదు. పక్క మడిలో బిలాక్సీ అనే సోయా రకం ఇంకో పొడుపుకథ వేసింది. వసంతం నుంచి వేసవి దాకా వారాల తేడాతో విడతలు విడతలుగా విత్తినా, ముందు విత్తినదీ వెనక విత్తినదీ అన్నీ కలిసి సెప్టెంబరులోనే పూశాయి. వాటి వయసుతో నిమిత్తం లేదు. అన్నీ ఏదో ఒక తేదీ కోసం కాచుకుని ఉన్నట్టుంది.

మిగిలింది ఒకే ఒక్క అనుమానం. అది వాళ్లకే నమ్మశక్యంగా తోచలేదు. పగటి నిడివిని మొక్క కొలుస్తుందా? 1918 జూలై 10న ఒక చిన్న చెక్క గది కట్టి, వెలుగు చొరకుండా బిగించి, మామత్ పొగాకు కుండీలనూ సోయా మొక్కలనూ సాయంత్రం నాలుగింటికి అందులోకి చేర్చారు. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి బయట పెట్టారు. రోజూ అదే పని. నడి వేసవిలో ఆ మొక్కలకు దక్కింది ఏడు గంటల పగలే. కొద్ది వారాల్లోనే అవి పూశాయి. బయటున్న వాటి తోబుట్టువులు ఆకులేస్తూనే ఉన్నాయి. చలికాలం వచ్చాక తిరగేసి చూశారు. గ్రీన్‌హౌస్‌లో సాయంత్రం నుంచి మామూలు విద్యుత్ బల్బులు వెలిగించి పగటిని సాగదీశారు. అప్పుడు మామత్ పూయకుండా పెరిగింది. ఆ బల్బుల వెలుగు సూర్యుడితో పోలిస్తే లెక్కలోకి రానంత తక్కువ. అయినా మొక్క దాన్ని పగలుగానే ఎంచుకుంది.

1920లో వాళ్లు ప్రచురించిన వ్యాసంతో బెయిలీ పాలకూర గుట్టు విడిపోయింది. పగళ్లు పెద్దవైతే పూసే మొక్కలు కొన్ని, చిన్నవైతే పూసేవి కొన్ని, ఈ లెక్కే పట్టనివి కొన్ని. పాలకూర మొదటి జాతి. కార్నెల్‌లో రాత్రంతా వెలిగిన దీపాన్ని చూసి అది ఎండాకాలం వచ్చేసిందనుకుంది. మొక్కకు వెలుగు అన్నమూ, పంచాంగమూ కూడా. సీమెన్స్ చూసింది అన్నం. గార్నర్, అలర్డ్ చూసింది పంచాంగం. అన్నానికి బోలెడంత వెలుగు కావాలి, పంచాంగానికి మిణుకుమనే బల్బు చాలు. అన్నాళ్లూ ఈ రెండూ ఒకటేనని అనుకోవడమే అసలు చిక్కు. నా మటుకు నాకు ఈ మొత్తం కథలో అతి గొప్ప ఘట్టం ఆ చెక్క గదే. అందులో ఖరీదైన పరికరం ఒక్కటీ లేదు.

అంతటితో అయిపోలేదు. న్యూయార్క్ దగ్గర యాంకర్స్‌లోని బాయ్స్ థాంప్సన్ సంస్థలో ఆర్థర్ బృందం టమాటాకు రాత్రింబవళ్లు ఆపకుండా వెలుగిచ్చి చూసింది. 1930లో వాళ్లు బయటపెట్టిన ఫలితం అందర్నీ ఆశ్చర్యపరిచింది. ఆకులు పసుపు మచ్చలు తేలి, పాడై, మొక్క దెబ్బతింది. గులాబీ, లెట్యూస్ తట్టుకునే వెలుగును టమాటా తట్టుకోలేకపోయింది. విశ్రాంతితో పనిలేదన్న సీమెన్స్ మాట అక్కడ కూలింది. కారణం మాత్రం దశాబ్దాలపాటు ఎవరికీ దొరకలేదు. గ్రీన్‌హౌస్ రైతులు రోజుకు కొన్ని గంటలు దీపాలు ఆర్పి ఊరుకున్నారు.

ఇంతలో ఇంకో ప్రశ్న. అసలు వెలుగును కొలిచేదెలా? అప్పటిదాకా వాడిన మీటర్లు మనిషి కంటి కోసం చేసినవి. మన కంటికి పచ్చ, పసుపు రంగులు బాగా ఆనుతాయి, ఎరుపు, నీలం తక్కువగా ఆనుతాయి. మొక్కకు ఆ లెక్కతో సంబంధం లేదు. 1970ల మొదట్లో టెక్సస్‌లో కీత్ మెక్రీ ఇరవైరెండు రకాల పంట మొక్కల ఆకుల్ని తీసుకుని, ఒక్కొక్క రంగు వెలుగులో అవి ఎంత కిరణజన్య సంయోగక్రియ జరుపుతాయో ఓపిగ్గా కొలిచాడు. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య వెలుగంతా ఆకుకు ఉపయోగపడుతుందనీ, వెలుగు రేణువులైన ఫోటాన్లను లెక్కపెట్టడమే సరైన కొలత అనీ తేలింది. ప్రపంచమంతా గ్రీన్‌హౌస్ రైతులు నేటికీ వాడేది ఆ కొలతే.

ఆ కొలత చేతికొచ్చాక కథ మళ్లీ కార్నెల్‌కే తిరిగొచ్చింది. బెయిలీ అడ్డుగోడ పెట్టిన నాటికి వందేళ్ల తరువాత, 1990లలో, లూయీ ఆల్బ్రైట్, లాంగాన్స్ తదితరులు లెట్యూస్‌కు రోజు మొత్తం మీద ఎంత వెలుగు కావాలో లెక్కగట్టడానికి పూనుకున్నారు. వాళ్ల కొలమానం మోల్. ఒక మోల్ అంటే ఆరు పక్కన ఇరవైమూడు సున్నాలు పెట్టినన్ని ఫోటాన్లు. వెలుగు పెంచిన కొద్దీ లెట్యూస్ పెరిగింది. కానీ ఒక హద్దు దాటగానే లోపలి లేత ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగి మాడాయి. ఒక్క అంచు మాడినా ఆ లెట్యూస్‌ను ఎవరూ కొనరు. నీళ్లలో కాల్షియం పుష్కలంగా ఉంది. అయినా లేత ఆకులకు కాల్షియం అందలేదు. కాల్షియం నీటితో పాటే మొక్కలో పైకి ఎక్కుతుంది. నీరు ఎక్కాలంటే ఆకు ఆవిరి వదలాలి. గుత్తి మధ్యలో దాక్కున్న లేత ఆకు చుట్టూ గాలి కదలదు, ఆవిరి పోదు. అసలు లోపం తెలిశాక మందు తేలికైంది. పైనుంచి ఫ్యాన్లు తిప్పి గాలిని ఆ ఆకుల మీదికి తోలారు. దాంతో చదరపు మీటరుకు రోజుకు 17 మోల్‌ల దాకా వెలుగిచ్చినా అంచులు మాడలేదు. సూర్యుడు ఎంత ఇచ్చాడో కంప్యూటర్ లెక్క చూసుకుని, తక్కువైనంత మటుకే దీపాలతో పూరించే పద్ధతిని కూడా వాళ్లే తయారుచేశారు.

దీపాలు కూడా మారుతూ వచ్చాయి. పసుపు వెలుగు చిందే సోడియం దీపాలు చాలాకాలం ఉత్తర దేశాల గ్రీన్‌హౌస్‌లను ఏలాయి. 1991లో విస్కాన్సిన్ పరిశోధకులు ఎర్ర ఎల్ఈడీలతో లెట్యూస్ పెంచి చూపారు. అయితే ఎరుపు ఒక్కటే ఇస్తే నారు సన్నగా సాగిపోయింది. కాస్త నీలం కలిపాక గట్టిగా నిలబడింది. ఆ నీలం కోసం వాళ్లు ట్యూబ్‌లైట్ పెట్టుకోవలసి వచ్చింది, ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీ అప్పటికి లేదు గనుక. జపాన్‌లో నకమురా 1993లో దాన్ని సాధించాక ఆ కొరత తీరింది. 2015 ఆగస్టులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు ఎల్ఈడీల కింద తామే పెంచిన ఎర్ర లెట్యూస్ తిన్నారు.

ఇక టమాటా సంగతి. 2014లో నెదర్లాండ్స్‌లోని వాగనింగన్ విశ్వవిద్యాలయంలో వెలెజ్ రమిరెజ్ బృందం దక్షిణ అమెరికా కొండల్లో పెరిగే టమాటా అడవి బంధువులను తెచ్చి నిరంతర వెలుగులో పెట్టింది. వాటిలో కొన్నింటికి ఏమీ కాలేదు! ఆ తట్టుకునే గుణం ఏడో క్రోమోజోములో ఒకే చోట ఉందనీ, పత్రహరితంతో కలిసి పనిచేసే ఒక ప్రోటీను జన్యువుతో దానికి సంబంధం ఉందనీ కనిపెట్టారు. ఆ గుణాన్ని సంకరం ద్వారా సాగు రకంలోకి ఎక్కిస్తే, ఇరవైనాలుగు గంటల వెలుగులోనూ ఆకు పసుపెక్కలేదు. దిగుబడి 20 శాతం దాకా పెరిగింది. ఆర్థర్ బృందం నమోదు చేసిన ఆ పసుపు మచ్చలకు జవాబు ఎనభై ఏళ్లు దాటాక దొరికింది.

అమెరికా, బ్రిటన్, కెనడాల్లో చలికాలం గడిపే తెలుగువారిలో ఎందరో ఇప్పుడు కిటికీ పక్కన ఎల్ఈడీ దీపం పెట్టి కుండీల్లో ఆకుకూరలు పెంచుతున్నారు. వారికి ఈ కథ చేతికందే సహాయం చేస్తుంది. గోంగూర చిన్న పగళ్లకు పూసే మొక్క. అక్కడి చలికాలంలో చిన్నగా ఉండగానే పూతకొచ్చేస్తుంది కనుక, దానికి రోజుకు పద్నాలుగు, పదిహేను గంటలు దీపం ఇచ్చి ఆకు కోసుకోండి. పాలకూర దీనికి తలకిందులు. దీపం ఎక్కువసేపు వెలిగిస్తే కాడ సాగుతుంది కనుక, గంటలు పెంచకుండా దీపాన్నే దగ్గరగా దించండి. టమాటాకు మాత్రం రోజుకు కనీసం ఆరేడు గంటల చీకటి ఉంచండి. మామూలుగా బజారులో దొరికే రకాలకు అది ఇప్పటికీ తప్పనిసరే.